అందుకునే చేతులు

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది స్మాష్. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో యోనెక్స్ వాళ్ల జిమ్నాసియంలో కొలిచి చూస్తే, అతని రాకెట్ నుంచి షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంతకుముందు పదేళ్లపాటు చెక్కుచెదరకుండా ఉన్న మలేసియా ఆటగాడి రికార్డు 493. కోనసీమలో పెరిగిన చెయ్యి ప్రపంచంలో ఎవరూ కొట్టనంత గట్టిగా కొట్టింది. ఇది మన పిల్లలు పదిసార్లు చెప్పుకోవలసిన సంగతే.

కానీ డబుల్స్ ఆటలో ఆ స్మాష్ దాకా రావాలంటే ముందు ఇంకో పని జరగాలి. అవతలివాడు వేసిన సర్వీసుని అందుకోవాలి. సర్వీసు వలని రాసుకుంటూ తక్కువ ఎత్తులో వస్తుంది. 2018 నుంచి ఉన్న నిబంధన ప్రకారం నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు దాటకుండా షటిల్‌ని కొట్టి వెయ్యాలి. అందుకునేవాడు ముందు గీత దగ్గర, రాకెట్ మొహం ముందుకి ఎత్తిపట్టుకుని నిలబడతాడు. అవతలివాడు సర్వీసు కొట్టేదాకా పాదం కదపకూడదు. కొట్టిన క్షణంలో ఒక్క అడుగు ముందుకేసి షటిల్ వల అంచు కంటే పైన ఉండగానే అందుకుంటే ఆట మన చేతిలోకొస్తుంది. ఆ అడుగు ఆలస్యమైతే షటిల్ కిందికి దిగిపోతుంది, పైకి లేపి ఇవ్వక తప్పదు. లేపి ఇచ్చామంటే స్మాష్ కొట్టే హక్కు వాళ్లకిచ్చేసినట్టే. ప్రపంచ రికార్డు చేతిలో ఉన్నా, ముందు ఈ అందుకోవడం కుదరకపోతే ఆ చెయ్యి ఖాళీగా ఉండిపోతుంది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇలా అందుకునేవాళ్ల గురించే. కాలేజీ జట్లకి వాళ్లని ఎలా వెతకాలి, దొరికాక ఎలా తయారుచెయ్యాలి అన్నది నా విషయం. ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో కొట్టేవాళ్లకి కొదవలేదు. అందుకునేవాళ్లని మనం వెతకడం లేదు.

సాత్విక్ కథలోనే ఇంకొంచెం ముందుకెళ్దాం. వాళ్ల నాన్నగారు కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు. ఇంట్లోనే ఆట ఉంది. 2014లో సాత్విక్ హైదరాబాదులో గోపీచంద్ అకాడెమీలో చేరాడు. అప్పటికి చిన్న పిల్లవాడు, కానీ పొడుగరి, భుజబలం ఉన్నవాడు. 2016లో మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హర్ అతన్ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపారు. ఇక్కడే చిక్కొచ్చింది. ఇద్దరూ వెనక నిలబడి గట్టిగా కొట్టేవాళ్లే. వల దగ్గర నిలబడి అవతలివాడి షాటుని ముందుగా పసిగట్టి అందుకునేవాడు ఇద్దరిలో లేడు. చూసినవాళ్లెవరైనా ఈ జత కుదరదనే అనుకుంటారు. ఆ కోచ్ అలా అనుకోలేదు. రెండు పెద్ద చేతులు ఒకే జట్టులో ఉంటే, వల దగ్గరి పని నేర్పించి తెచ్చుకోవచ్చని లెక్కేశారు. చిరాగ్ ముందు కోర్టు ఆట నేర్చుకున్నాడు. సాత్విక్ సర్వీసు అందుకోవడం, తన మీదికి వచ్చే స్మాష్‌ని తిప్పి పంపడం నేర్చుకున్నాడు. తర్వాత వాళ్లకి శిక్షణ ఇచ్చిన డెన్మార్క్ ఆటగాడు మథియాస్ బో కూడా లండన్ ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం గెలిచిన మనిషే.

ఫలితం మీకు తెలుసు. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. ఇండోనేసియా జంట మొదటి గేము 21-18తో తీసుకుంది. రెండోది 23-21, మూడోది 21-19తో మనవాళ్లు గుంజుకున్నారు. ఆ స్కోర్లు చూస్తేనే తెలుస్తుంది, అవి ఒట్టి బలంతో వచ్చిన గెలుపులు కావు. చివరి పాయింట్లలో సర్వీసు ఎవరు నిబ్బరంగా అందుకున్నారన్నదే అక్కడ తేల్చేది. 2023లో దుబాయిలో ఆసియా ఛాంపియన్‌షిప్, జకార్తాలో ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ స్థానం. కొట్టే కుర్రాడు పుట్టుకతో దొరికాడు సరే, అందుకునే కుర్రాడిని మాత్రం తయారుచేసుకున్నారు. కాశీ విశ్వనాథం గారు 2025 ఫిబ్రవరిలో మనకి దూరమయ్యారు. బడి మైదానంలో పిల్లలతో ఆటలాడించే ప్రతి మాస్టారూ ఆయన్ని తలుచుకోవాలి.

ఇప్పుడు మన కాలేజీ మైదానానికి వద్దాం. వాలీబాల్ సెలక్షన్స్ జరుగుతున్నాయనుకోండి. ఏ ఊళ్లోనైనా దృశ్యం ఒకటే. 2.43 మీటర్ల ఎత్తున వల కట్టి ఉంటుంది. కుర్రాళ్లంతా ఎడమ పక్క బారుగా నిలబడతారు. సెట్టర్ బంతి లేపుతూ ఉంటాడు, ఒక్కొక్కడూ పరిగెత్తుకొచ్చి ఎగిరి కొడతాడు. బంతి అవతలి కోర్టులో ధన్‌మని పడితే గట్టు మీద కూర్చున్నవాళ్లు ఈల వేస్తారు. పి.డి. గారు కాగితం మీద పేరు రాసుకుంటారు. అరగంటలో జట్టు తేలిపోతుంది. ఆ వరసలో పొట్టివాడు, కొంచెం బిడియస్తుడు, రెండు చేతులూ జోడించి వచ్చిన బంతినల్లా సెట్టర్ నెత్తి మీద పెట్టగలవాడు ఒకడు ఉంటాడు. వాడి చేతికి ఆ రోజు ఒక్క సర్వీసైనా వెయ్యరు. వాడు సైకిలెక్కి ఇంటికి పోతాడు.

ఆ జట్టే విజయవాడలోనో గుంటూరులోనో గట్టి జట్టు ఎదురైనప్పుడు మొదటి సెట్లోనే కూలబడుతుంది. అవతలివాడు తేలిపోతూ వచ్చే ఫ్లోట్ సర్వీసు వేస్తాడు. బంతి తిరగదు, చివర్లో గాలికి అటో ఇటో జరుగుతుంది. మన పొడుగు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పాస్ సరిగ్గా రాకపోతే సెట్టర్ పరిగెత్తాలి, పరిగెత్తినవాడు ఒకే వైపుకి లేపగలడు, అక్కడ అవతలివాళ్ల బ్లాక్ సిద్ధంగా ఉంటుంది. ఇంత ఎత్తు కుర్రాళ్లని ఏరుకుని ఏం లాభమైందని కాలేజీ వాళ్లు అడుగుతారు. ఎత్తులో తప్పులేదు. మొదటి బంతి తాకేవాడిని మనం ఏరుకోలేదు, అంతే.

ప్రపంచ వాలీబాల్ సమాఖ్యకి ఈ విషయం ఎంత ముఖ్యమనిపించిందంటే, 1998లో ఈ పని కోసమే ఒక ఆటగాడికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. అతనే లిబెరో. వేరే రంగు చొక్కా వేసుకుంటాడు. బ్లాక్ చెయ్యకూడదు, వల అంచు కంటే పైనున్న బంతిని అవతలి కోర్టులోకి కొట్టకూడదు. అందుకోవడమే అతని పని. పొట్టి కుర్రాడికి అంతర్జాతీయ జట్టులోకి తలుపు తెరిచిన నిబంధన అది. మన జిల్లాల్లో అయిదున్నర అడుగుల కుర్రాళ్లు ఎందరు లేరు! ఆ తలుపు తెరిచి ఉందన్న సంగతి వాళ్లకి చెప్పేవాళ్లే కావాలి.

ఈ వెతికే పని, తయారుచేసే పని ఎక్కడ బాగా జరుగుతుందో చూడాలంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూడాలి. మన పిల్లలు చాలామంది అక్కడి యూనివర్సిటీల్లో చదువుతున్నారు గనుక శనివారం సాయంత్రాల్లో అక్కడి స్టేడియాల సందడి గురించి తల్లిదండ్రులు వినే ఉంటారు. అది మన కాలి ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ సన్నబడిన బంతిని చేత్తో పట్టుకుని నూరు గజాల మైదానంలో ముందుకు తీసుకుపోయే ఆట. జట్టుకి పదకొండు మంది. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి విసురుతాడు, రిసీవర్ అనేవాడు పరిగెత్తుతూ అందుకుంటాడు.

మొదట్లో ఆ ఆటలో ముందుకి బంతి విసరడానికే అనుమతి లేదు. కుమ్ములాటలో కుర్రాళ్ల ప్రాణాలు పోతుంటే 1906లో నిబంధనలు మార్చి, ముందుకి పాస్ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే సెయింట్ లూయిస్ యూనివర్సిటీ కుర్రాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ మొదటి పాస్ విసిరాడు. అయినా చాలా ఏళ్లు పెద్ద జట్లు దాన్ని నమ్మలేదు. అందుకునేవాడు ఒకచోట ఆగి, పొట్టకి హత్తుకుని బంతి పట్టుకునేవాడు. అలా ఆగినవాణ్ణి పడగొట్టడం తేలిక.

1913 వేసవిలో నోట్రడామ్ కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు, గస్ డోరే, న్యూట్ రాక్నీ, ఈరీ సరస్సు ఒడ్డున సెలవుల ఉద్యోగానికి వెళ్లారు. పని చేసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో బంతి విసురుకున్నారు. రాక్నీ నార్వే నుంచి చిన్నప్పుడు వలస వచ్చిన కుటుంబం వాడు. షికాగో పోస్టాఫీసులో ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని ఇరవై రెండేళ్లకి కాలేజీలో చేరాడు. పెద్ద విగ్రహం కాదు. అతను ఆ వేసవిలో నేర్చుకున్నది ఒకటే: పరుగు ఆపకుండా, వేళ్లు వదులుగా పెట్టి, కోడిగుడ్డు పట్టుకున్నంత మెత్తగా బంతి అందుకోవడం. ఆ నవంబరు 1న వాళ్లు సైన్యం వారి కాలేజీ జట్టుతో ఆడి 35-13తో ఓడించారు. డోరే విసిరిన 17 పాసుల్లో 14 చేరవలసిన చేతుల్లోకి చేరాయి. అప్పటి నుంచి ఆ ఆట మారిపోయింది. ఈ రాక్నీయే తర్వాత అమెరికాలో పేరుమోసిన కోచ్ అయ్యాడు.

మన అంతర్వేదిలో, ఉప్పాడలో, పేరుపాలెంలో ఎంత ఇసుక ఉందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంకొకతని గురించి చెప్పకుండా ఉండలేను. జెర్రీ రైస్. అమెరికా దక్షిణాన మిసిసిపి రాష్ట్రంలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు. నల్లజాతి కుటుంబం. తండ్రి తాపీ మేస్త్రి. పిల్లలు వేసవిలో తండ్రికి సాయం వెళ్లేవాళ్లు. అన్నదమ్ములు కింది నుంచి ఇటుకలు విసిరితే, జెర్రీ పైన నిలబడి పట్టుకునేవాడు. ఇటుక జారితే ఏమవుతుందో తాపీ పని చూసినవాళ్లందరికీ తెలుసు. ఒకరోజు బడి ఎగ్గొడుతూ వైస్ ప్రిన్సిపాల్ కంట పడ్డాడు. వెంటనే పరుగు లంకించుకున్నాడు. దొరికాక శిక్ష పడింది. అయితే ఆ పెద్దమనిషి శిక్షతో ఊరుకోకుండా, వీడి కాళ్లలో వేగం ఉందని బడి ఫుట్‌బాల్ కోచ్‌కి చెప్పాడు. ఆట అలా మొదలైంది. మనం వెతకడం అంటున్నామే, అది ఇక్కడ మొదలవుతుంది. తప్పుచేసిన పిల్లవాడిలో కూడా పనికొచ్చేది చూసిన కన్ను అది.

పెద్ద యూనివర్సిటీలు అతన్ని పట్టించుకోలేదు. చిన్న ఊళ్లో, చిన్న బడిలో ఆడినవాణ్ణి చూడటానికి ఎవరొస్తారు? మిసిసిపి వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీ కోచ్ ఆర్చీ కూలీ మాత్రం వెళ్లి చూశాడు, తీసుకొచ్చుకున్నాడు. ఆ కాలేజీ ఉన్న ప్రాంతాన్ని కూడా డెల్టా అనే అంటారు, మిసిసిపి డెల్టా. పత్తి పండే ఒండ్రు నేల, పేద పల్లెలు. అక్కడ విల్లీ టాటెన్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో ఏళ్ల తరబడి కలిసి ఆడాడు. ఒకే విసిరే చెయ్యి, ఒకే అందుకునే చెయ్యి. 1984 సీజన్లో రైస్ ఒక్కడే పాసులందుకుని 27 టచ్‌డౌన్లు చేశాడు, అంటే అన్నిసార్లు బంతిని అవతలి కొస గీత దాటించాడు. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో వృత్తి జట్టు తీసుకుంది. మొదటి ఏడాది అక్కడ బంతులు జారవిడిచాడు, గ్యాలరీల్లో ఎగతాళి పట్టించారు. కోచ్ బిల్ వాల్ష్ అతన్ని పక్కన పెట్టలేదు. ఆట మానేనాటికి 1,549 పాసులు, 22,895 గజాలు అతని పేర ఉన్నాయి. ఆ రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి.

జెర్రీ రైస్ పరుగు పందెంలో మెరుపు కాదు. గడియారం పెట్టి చూస్తే అతని కంటే వేగంగా పరిగెత్తేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఎన్నో అడుగు దగ్గర తిరగాలో అక్కడే తిరిగేవాడు, ప్రతిసారీ. రిసీవర్‌కి కావలసిన అసలు గుణం అదే. ఎందుకంటే మంచి క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేటప్పటికి రిసీవర్ ఇంకా వెనక్కి తిరిగి ఉండడు. ఖాళీ స్థలంలోకి విసురుతాడు. ఫలానా క్షణానికి మనవాడు అక్కడికి వస్తాడన్న నమ్మకంతో విసురుతాడు. వాలీబాల్లో క్విక్ కొట్టే జట్టు చేసేదీ ఇదే. సెట్టర్ చేతిలోంచి బంతి బయల్దేరేసరికే మధ్య ఆటగాడు గాల్లో ఉంటాడు. ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాదు. ఇద్దరూ కలిసి చేసిన సాధనతోనే వస్తుంది.

అమెరికా కాలేజీల్లో రిసీవర్ల కోసం విడిగా ఒక కోచ్ ఉంటాడు. అతను నేర్పేవి వింటే పసిపిల్లల పాఠంలా ఉంటాయి. బంతి ఛాతీ కంటే పైకి వస్తే బొటనవేళ్లు రెండూ కలిపి పట్టు, నడుం కంటే కిందికి వస్తే చిటికెన వేళ్లు కలిపి పట్టు. బంతి వేళ్లలో పడేదాకా దాని మీంచి చూపు తియ్యకు. పట్టుకున్నాకే పరిగెత్తే దారి చూసుకో. పట్టకముందే దారి చూసుకున్నవాడి చేతిలోంచి బంతి జారుతుంది. ఇంతే. ఈ ఇంతేని మూడు నాలుగేళ్లు రోజూ చేయిస్తారు. ఇక ఎంపిక చేసేటప్పుడు వాళ్లు ఫుట్‌బాల్ ఒక్కటే చూడరు. ఆ కుర్రాడు బాస్కెట్‌బాల్ ఆడతాడా, పరుగులో ఎలా ఉన్నాడు, బడిలో మాస్టార్ల మాట వింటాడా అని అడుగుతారు. డబ్బు, ప్రచారం ఆ ఆటలోకి విపరీతంగా వచ్చాయి, కుర్రాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఏటా మారిపోతున్నారు. ఆ భాగం మనకి అక్కర్లేదు. చూసే పద్ధతి మాత్రం మనకి పనికొస్తుంది.

మన దగ్గర ఎవరిని చూడాలి? నా ఉద్దేశంలో ముందు బాల్ బ్యాడ్మింటన్ ఆడే పిల్లల్ని చూడాలి. ఆ పసుపు ఊలు బంతి మీద నిలిచే చూపు, మణికట్టు చురుకుదనం వాలీబాల్లో మొదటి బంతి అందుకోవడానికి తయారుగా ఉన్న పెట్టుబడి. తర్వాత కబడ్డీ పిల్లలు. వాళ్లు మోకాళ్లు వంచి కిందికి కూర్చోవడం చిన్నప్పటి నుంచే అలవాటు చేసుకుంటారు. వాలీబాల్ పాస్‌కి కావలసిన నిలకడలో సగం ఆ మోకాళ్లలోనే ఉంది. క్రికెట్లో స్లిప్‌లో నిలబడి క్యాచ్‌లు పట్టే కుర్రాడిని కూడా వదలకూడదు. ఈ ముగ్గురూ వాలీబాల్ సెలక్షన్స్‌కి వాళ్లంతట వాళ్లు రారు. మనం వెళ్లి పిలవాలి.

ఎలా చూడాలి? సెలక్షన్ రోజున స్మాష్ వరస పెట్టే ముందు, ప్రతివాడికీ ఇరవై సర్వీసులు వెయ్యండి. పది నేరుగా, పది పక్కకి. సెట్టర్ నిలబడే చోట నేల మీద ముగ్గుతో ఒక వలయం గియ్యండి. ఎన్ని బంతులు ఆ వలయం మీదికి వచ్చాయో లెక్కపెట్టండి. ఇంకోటి కూడా గమనించండి. బంతి తప్పిపోయాక ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడు? తల దించుకున్నాడా, పక్కవాడి మీద విసుక్కున్నాడా, మళ్లీ మోకాళ్లు వంచి తయారయ్యాడా? అందుకునేవాడు రోజంతా తప్పులు చేస్తూ ఉంటాడు, పదిమంది ముందు చేస్తాడు. మళ్లీ తయారయ్యేవాడే మనకి కావాలి.

మన ఇబ్బందులు నాకు తెలియనివి కావు. డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలు. ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశాకగానీ పొలాలు ఎండవు, పల్లెల్లో వల కట్టే చోటు దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో కుర్రాళ్లు సాయంత్రం చీకటి పడేదాకా ఆడతారు. కాలేజీల మధ్య పోటీలు మాత్రం వానలు వెలిసీ వెలవకముందే వచ్చిపడతాయి. ఆదికవి నన్నయ యూనివర్సిటీ 2006లో వచ్చాక గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలకి దగ్గరలోనే ఒక వేదిక దొరికింది. యూనివర్సిటీ జట్టులోకి వెళ్తే దక్షిణ మండలం పోటీలు చూడొచ్చు. కానీ జట్టుని పోటీకి ముందు హడావుడిగా కూడగట్టి, సర్టిఫికెట్ రాగానే వదిలేస్తే, ఆ కుర్రాడి మూడేళ్లలో ఆటకి దక్కేది ఎన్ని రోజులు? స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ విలువైనదే, పేద ఇంట్లో దానితో ఉద్యోగం వస్తుంది, దాన్ని నేను తీసిపారెయ్యను. ఆ సర్టిఫికెట్ కోసమైనా సరే, ఆటని మూడేళ్లు పట్టుకుని ఉండే కుర్రాణ్ణే తీసుకోండి అంటున్నాను.

అందుకే మొదటి సంవత్సరంలోనే సెట్టర్‌ని, లిబెరోని జతగా ఎంచుకుని, ఆ జతని విడదియ్యకుండా మూడేళ్లు ఆడించండి. కొట్టేవాళ్లు ఏటా మారినా ఫరవాలేదు. సెలవుల్లో ఊరికి వెళ్లినా వీలైతే ఒకరి ఊరికి ఒకరు వెళ్లి, రోజూ ఓ గంట బంతి విసురుకోమనండి. దానికి వల కూడా అక్కర్లేదు, కొబ్బరి చెట్ల మధ్య ఖాళీ చాలు.

అమ్మాయిల కాలేజీల వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఆడపిల్లల వాలీబాల్లో వల 2.24 మీటర్లే అయినా, ర్యాలీలు మగపిల్లల ఆటలో కంటే పొడుగ్గా సాగుతాయి. అంటే అందుకునే పని ఇంకా ఎక్కువ. మన దగ్గర అమ్మాయిల జట్లని ఎత్తు చూసే ఏరుతున్నాం. ఈ ఏడాది సెలక్షన్స్‌కి జట్టుకి ఇద్దరి చొప్పున, ఎత్తు కొలవకుండా, పాస్ ఒక్కటే చూసి తీసుకోండి. ఆ ఇద్దరికీ మొదటి మ్యాచ్‌లో బంతులు జారుతాయి. రెండో మ్యాచ్‌కి కూడా వాళ్లనే దించండి.